బాపు పీకనివ్వని బీట్‌రూట్లు

ఆ రోజుల్లో మా నస్పూర్ క్వార్టర్లలో గొప్పలు పోవడం చాలా కష్టమైన పని. అందరివీ ఒకే కొలత ఇళ్లు, ఒకే రంగు తలుపులు. ఎవరు ఏ బాయి మీద పనిచేస్తారో (మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు), ఎవరిది ఏ షిఫ్టో, ఆదివారం ఎవరింట్లో కోడి ఉడుకుతుందో, ఎవరింట్లో గుడ్డుతో సరిపెట్టుకుంటారో లైను మొత్తానికీ తెలుసు. జీతం గురించి కోతలు కోద్దామంటే పక్కవాడిదీ అదే జీతం. చివరికి మగమనిషి మీసం తిప్పుకోవడానికి మిగిలింది క్వార్టరు వెనకున్న పెరడు ఒక్కటే. అందులో కాసిన కాయ ఎంత పెద్దదైతే ఆయన లైన్లో అంత నిటారుగా నడిచేవాడు. నేను ఇంటర్ పాసై, కరీంనగర్‌లో నర్సు శిక్షణకు సీటు తెచ్చుకుని, చేరే రోజు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న చలికాలం అది. ఇంట్లో బాపు, అవ్వ (మా వైపు నాన్నను, అమ్మను అట్లాగే పిలుస్తారు), నేను. ఒక్కతే బిడ్డను కాబట్టి బాపు ముద్దుమురిపాల్లో నాకు పోటీ లేదనుకునేదాన్ని, పెరట్లోకి బీట్‌రూట్లు వచ్చేదాకా.

అసలు గొడవ మొదలైంది పక్కింటి గుమ్మడికాయతో. పక్క క్వార్టర్లో ఉండే ఆయన బాయిలో బాపుతో జంటగా ఒకే చోట పనిచేసేవాడు. నేను జోడీ కాక అని పిలిచేదాన్ని. ఆయన భార్య నాకు వరసకు చిన్నమ్మ. మొదటి షిఫ్టు సైరన్ కన్నా ముందే లైనంతా వార్తలు చేరవేసేది కనుక వెనకాల అందరూ ఆమెను సైరన్ చిన్నమ్మ అనేవారు (ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు). ఆ యేటి వానాకాలంలో వాళ్ల పెరట్లో ఒక గుమ్మడికాయ కాసింది. ఇద్దరు పట్టి మోసుకొచ్చి దాన్ని ముందు వరండాలో పెట్టారు. వండుకునే ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఉన్నట్టు లేదు. వచ్చేపోయేవాళ్లు ఆగి, తట్టి చూసి, మెచ్చుకుని పోయేవారు. బాపు డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని ముందు నుంచే నడవాలి. ఒక్కనాడు కూడా తట్టలేదు. తల అటు తిప్పుకుని, ఆకాశంలో ఏదో పని ఉన్నట్టు చూస్తూ వెళ్లిపోయేవాడు.

ఆ వారమే మంచిర్యాల అంగడికి పోయి విత్తనాల పొట్లం పట్టుకొచ్చాడు. బీట్‌రూట్. మా లైన్లో అంతవరకు ఎవరూ వేసిన పంట కాదు. భూమి లోపల ఎదిగే గడ్డ కాబట్టి ఎవరి కన్నూ పడదని, ఒకేసారి తీసి చూపిస్తే లైనంతా నోరు తెరవాల్సిందేనని విత్తనాలమ్మే ఆయన చెప్పాడట. అవ్వ ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, పాలకూర వేస్తే నాలుగు పూటలు పప్పులోకైనా వచ్చేది కదా అంది. అప్పటికే బాపు పార తీసుకుని స్నానాల బండ పక్కన మడి కడుతున్నాడు. బాయి నుంచి వచ్చి ఆయన ఆ బండ మీదే ఒళ్లు రుద్దుకునేవాడు. నల్లటి నీళ్లన్నీ కాలువ కట్టి మడిలోకి పోయేవి. ఆ నీళ్లలో ఏం బలముందో నాకు తెలియదు కానీ, మొలకలు వచ్చిన తర్వాత అవి ఆగలేదు.

గడ్డలు పిడికిలంత అయినప్పుడు అవ్వ పీకుదామంది. లేతగా ఉన్నాయి, రుచి అప్పుడే అంది. బాపు మడి అంచున గొంతుక్కూర్చుని, ఒక గడ్డ చుట్టూ మట్టిని వేళ్లతో పక్కకు జరిపి చూసి, మళ్లీ కప్పేశాడు. ఇంకా ఎదుగుతుందన్నాడు. పది రోజులకు అవ్వ మళ్లీ అడిగింది. గడ్డలు ముదిరితే పీచు పడతాయని, తమ ఊళ్లో ముల్లంగి కూడా అంతేనని నచ్చజెప్పబోయింది. అప్పుడు బాపు అన్న మాట మా ఇంట్లో చాలా కాలం నిలిచిపోయింది.

"పాతికేండ్ల సంది భూమి కిందనే బతుకుతున్న. భూమి కింది ముచ్చట నాకు జెప్తవా?"

అవ్వ తన ముల్లంగిని వెనక్కి తీసుకుంది. నేను భూమి పైన చదువుకున్నదాన్ని కాబట్టి మధ్యలో దూరలేదు. అట్లా బొగ్గు ఎంత లోతుకు పోతే అంత మంచిదన్న లెక్కలో బాపు బీట్‌రూట్లను వదిలేశాడు. గడ్డలు లోపల చోటు చాలక భుజాలు పైకి ఎత్తాయి. రోజూ డ్యూటీ నుంచి వచ్చి బాయిలో పెట్టుకునే టోపీని అన్నింటికన్నా పెద్ద గడ్డ పక్కన బోర్లించి, రెండింటినీ మార్చి మార్చి చూసుకునేవాడు. గడ్డ టోపీని దాటిన రోజు పీకడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మొత్తం మడి ఒక్క పూటలో పీకేశాడు. అన్నీ ఒకేసారి తీస్తేనే చూడ్డానికి బాగుంటుంది మరి. వరండాలో సంచులు పరిచి వరసగా పేర్చాడు. లైనంతా వచ్చింది. జోడీ కాక కూడా వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, "గడ్డనే గదా" అని వెళ్లిపోయాడు. ఆ మాటతో బాపు కడుపు నిండిపోయింది. గెలిచినట్టే లెక్క.

ఆయన గెలుపు వరండాలో ముగిసింది, అవ్వ యుద్ధం వంటింట్లో మొదలైంది. మొదటి గడ్డను కత్తిపీట మీద పెట్టి అవ్వ తన బరువంతా వేసింది. కత్తి సగం దిగి ఆగింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చివరికి గడ్డనూ కత్తిపీటనూ కలిపి ఎత్తి నేలకు కొడితే రెండు ముక్కలైంది. లోపల ఎరుపు, తెలుపు వలయాలు, మధ్యలో కర్రలాంటి బొడ్డు. కుక్కర్లో వేస్తే విజిల్స్ వస్తూనే ఉన్నాయి, ముక్క మాత్రం పచ్చిగానే ఉంది. గ్యాసు వృథా అవుతుందని అవ్వ గొణిగితే, గొడ్డలి తెమ్మంటావా అని బాపు వరండాలోంచి అడిగాడు. కూరగాయకు గొడ్డలి తేవడానికి అవ్వ ఒప్పుకోలేదు.

కానీ మా అవ్వ ఓడిపోయే మనిషి కాదు. పెరట్లో స్నానాల నీళ్లకు బొగ్గుల పొయ్యి ఉండేది. సాయంత్రం పొయ్యి చల్లారుతుండగా ఒక గడ్డను తొక్కతోనే ఆ వేడి బూడిదలో పూడ్చిపెట్టింది. తెల్లారి తీస్తే తొక్క చొక్కా విప్పినట్టు ఊడొచ్చింది, లోపల కండ మెత్తగా తియ్యగా ఉంది. ఆ రోజు నుంచి మా పొయ్యి ఖాళీగా పడుకోలేదు. అట్లా కాల్చిన గడ్డను పచ్చిమిరపకాయలు, వేయించిన నువ్వులు, చింతపండు వేసి రోట్లో దంచితే తొక్కు పచ్చడి. తురిమి, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ కారంతో కలిపి గంజు గిన్నె అడుగున ఒత్తి కాలిస్తే సర్వపిండి, అది మోదుగుపూల రంగులో వచ్చేది. మధ్య బొడ్డు దేనికీ లొంగదు కనుక దాన్ని నీళ్లలో మరిగించి తీసి పారేసి, ఆ ఎర్ర నీళ్లతో చారు పెట్టేది. లేత ఆకులు పప్పులోకి, ముదురు కాడలు శనగపిండి చల్లి వేపుడుకి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన, మూడిళ్ల అవతలి మరాఠీ అక్క పచ్చి తురుములో పెరుగు, పల్లీల పొడి, పోపు కలిపి కోశింబీర్ చేయడం నేర్పింది. అప్పటికీ మిగిలినవి పలుచగా కోసి ఉప్పు రాసి, పాత చీర మీద ఒరుగులుగా ఎండబెట్టింది. ఆ చీర ఇక ఎప్పటికీ తెల్లబడలేదు. ఎంత వాడినా వరండాలో కుప్ప తరిగినట్టు కనబడేది కాదు, ఒక గడ్డకే ఇల్లంతా రెండు పూటలు గడిచేది.

లైన్లో పంచిపెట్టొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పంచాము. అక్కడే దెబ్బతిన్నాము. మా క్వార్టర్లలో ఒక పద్ధతి ఉండేది: పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఏదో ఒకటి, కనీసం గుప్పెడు చక్కెరైనా వేసి పంపాలి. అవ్వ తలా ఒక గడ్డ పంపింది. అంత గడ్డ ఒక ఇంట్లో ఎప్పటికి చెల్లాలి? కాబట్టి వాళ్లు దాన్ని వండి, తమ గిన్నెల్లో నింపి మాకే పంపారు. ఒకరింటి నుంచి బీట్‌రూట్ కూర వచ్చింది, ఒకరింటి నుంచి బీట్‌రూట్ గారెలు, చిన్నమ్మ ఇంటి నుంచి హల్వా. వాళ్ల గిన్నెలను మళ్లీ ఖాళీగా పంపకూడదు కదా, అవ్వ వాటిలో సర్వపిండి ముక్కలు పెట్టింది. ఆ వారమంతా మా లైన్లో ఎర్రటి గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి, మా పంట లైను పొలిమేర దాటలేదు.

అందరికన్నా ఎక్కువ తిన్నది బాపు. తిని తీరాలి, ఆయన పరువు అది. పొద్దున సర్వపిండి, బాయిలోకి పట్టుకెళ్లే డబ్బాలో తొక్కు, వేపుడు, రాత్రికి కూర, పైన కోశింబీర్. నేనూ అవ్వా కంచం అంచుకు నెట్టిన ముక్కలు కూడా ఆయనే లాగేసుకునేవాడు. బాగుంది, ఇంకా బాగుంది అంటూ తినేవాడు. జోడీ కాక మాత్రం బాయిలో డబ్బా విప్పుకునేటప్పుడు కాస్త దూరం జరిగి కూర్చోవడం మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది.

ఒక పొద్దున బాపు పెరట్లోంచి వచ్చి వరండాలో కూర్చున్నాడు. సర్వపిండి పెడితే వద్దన్నాడు. అవ్వ నుదురు పట్టి చూసింది, జ్వరం లేదు. ఏమైందంటే ఏం లేదంటాడు. మరునాడూ అంతే, బాయిలోకి డబ్బా మాత్రం పట్టుకుపోయేవాడు, రాత్రి అవ్వ బతిమాలితే కూర తినేవాడు. మూడోనాడు బాయిలో, భూమికి అంత కిందైతే ఎవరికీ వినపడదన్న ధైర్యంతో కాబోలు, జోడీ కాకకు చెప్పుకున్నాడు: మూత్రం ఎర్రగా, అచ్చం నెత్తురులా పోతున్నదని. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. జోడీ కాక ఆ ఒట్టును నిలబెట్టుకున్నాడు, ఒక్క భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి షిఫ్టు సైరన్ మోగేసరికి లైనంతటికీ తెలిసిపోయింది. మాకు కూడా తెలిసింది అట్లాగే, మరాఠీ అక్క వచ్చి అవ్వ చేతులు పట్టుకుని ఏడిస్తే.

బీట్‌రూట్ మీద ఎవరికైనా అనుమానం రావాలి కదా? రాలేదు. నేనూ అవ్వా కూడా అదే తింటున్నాము, మాకేమీ కాలేదు. లైనంతా తింటున్నది, ఎవరికీ ఏమీ కాలేదు. పైగా బాయిలో పనిచేసే మనిషికి నెత్తురు పడిందంటే మా దగ్గర ఎవరూ కూరల వైపు చూడరు. పాత దెబ్బలు, దుమ్ము, బరువులు, ఇట్లా చాలా లెక్కలుంటాయి. నేను ఆ రాత్రులు సరిగ్గా పడుకోలేదు. బాపు పోతాడేమోనని భయపడ్డాను, ఆ సంగతి ఎవరితోనూ అనలేక వంటింట్లో బీట్‌రూట్ తురుముతూ ఏడ్చాను (ఉల్లిగడ్డకు ఏడ్చినవాళ్లను చూశాను కానీ బీట్‌రూట్‌కు ఏడ్చింది నేనొక్కదాన్నే అనుకుంటాను). దవాఖానకు పోదామని అవ్వ కాళ్లావేళ్లా పడింది. బాపు ఒప్పుకోలేదు. పోతే డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తాడని ఆయన భయం.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. వేరే ఊళ్లలో మనిషికి జబ్బు చేస్తే ఏం జబ్బు, ఏం మందు అని అడుగుతారు. మా క్వార్టర్లలో అవి అడిగాక ఇంకో ప్రశ్న కూడా మనసులో మెదిలేది: ఆయన అన్‌ఫిట్ అయితే నౌకరి ఎవరికి? కొడుకుంటే కొడుక్కు. కొడుకు లేకపోతే అల్లుడికి. దీన్ని ఎవరూ తప్పుగా అనుకునేవారు కాదు, అన్నం గురించి ఆలోచించినట్టే. మా బాపుకు కొడుకు లేడు. అల్లుడు ఇంకా రాలేదు. అంటే ఒక బాయి నౌకరి, పక్కన ఖాళీగా ఒక అల్లుడి జాగా. పరామర్శకు వచ్చినవాళ్లు బాపు ముఖం చూసి నిట్టూర్చి, తర్వాత నా వైపు తిరిగి పైనుంచి కిందికి ఒకసారి చూడటం మొదలుపెట్టారు.

అందరికన్నా ముందు కదిలింది సైరన్ చిన్నమ్మే. చొప్పదండిలో ఉండే ఆమె అక్కకు ఒక కొడుకున్నాడు. దుబాయి పోయి, అక్కడ కుదరక తిరిగొచ్చి, ఊళ్లో ఏ పనీ చేయబుద్ధి కాక తిరుగుతున్నాడు. మంచి పిలగాడని, తాగుడు లేదని, బాపు కళ్ల ముందే ఒక శుభకార్యం అయిపోతే ఆయన గుండె కూడా నిమ్మళంగా ఉంటుందని అవ్వకు నచ్చజెప్పింది. ఒక చిక్కు వచ్చింది. నేను ఆమెను చిన్నమ్మ అంటాను కాబట్టి ఆమె అక్క కొడుకు నాకు అన్న వరస అవుతాడు. దానికి చిన్నమ్మ పెద్దగా ఆలోచించలేదు. ఆ సాయంత్రం బావి దగ్గర నన్నాపి, "ఇగ నన్ను చిన్నమ్మ అనకు బిడ్డా, అత్తమ్మా అను" అంది. చిన్నప్పటి నుంచి వచ్చిన వరస ఒక్క బిందె నిండేలోపు మారిపోయింది.

నర్సు శిక్షణ సంగతి అడిగితే అవ్వ కళ్లు తుడుచుకుని, ముందు ఇది కానీ, అది తర్వాత చూద్దామంది. తర్వాత అంటే ఏమిటో నాకు తెలుసు. బాపు వైపు చూశాను. కరీంనగర్‌కు నన్ను తానే వెంట తీసుకుపోయి సీటు చూసుకుని వచ్చిన మనిషి, పెళ్లి మాట వచ్చినప్పుడు కాదనలేదు, ఔననలేదు. మడి వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది, రోగమొచ్చిన మనిషి మీద కోపమేమిటని మళ్లీ సిగ్గేసింది.

పిలగాడూ వాళ్లమ్మా వచ్చారు. ఇంట్లో ఉన్న కూరగాయ ఒకటే కాబట్టి మర్యాద కూడా దానితోనే జరిగింది. అవ్వ గారెలు చేసింది, సర్వపిండి చేసింది, పాలు పోసి నెయ్యి వేసి హల్వా చేసింది, భోజనంలోకి తొక్కు, కూర, కోశింబీర్. పిలగాడు సిగ్గరి. తల ఎత్తడు, వద్దు అనడం రాదు. అవ్వ వడ్డిస్తూ పోయింది, అతను తింటూ పోయాడు. ఒకసారి మాత్రం తలెత్తి దుబాయిలో ఇట్లాంటివి దొరకవని అన్నాడు, నాకు కాదు, హల్వాకు చెప్పినట్టుగా. వాళ్లమ్మ మెల్లగా బాపు పక్కన చేరి, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతారని, అన్‌ఫిట్ కాయితం ఎన్ని రోజులకు చేతికిస్తారని అడిగింది. ఆ తర్వాతే ముహూర్తం పెట్టుకుందామంది. బాపు రేపే పోతానన్నాడు. ఇన్ని రోజులు అవ్వ బతిమాలితే కదలనివాడు అంత సులువుగా ఒప్పుకుంటే అందరం ఆయన ముఖం చూశాము.

మరునాడు పొద్దున నేను బాపుతో దవాఖానకు వెళ్లాను. దగ్గు మందు సీసా కడిగి అందులో పట్టి, తువ్వాలలో చుట్టుకున్నాడు. వరండాలో బెంచీల మీద జనం. చివరి బెంచీ మీద, గోడవైపు తిరిగి, చేతిలో జేబురుమాలు కప్పిన చిన్న సీసాతో కూర్చున్న మనిషిని నేను గుర్తుపట్టలేదు, బాపు గుర్తుపట్టాడు. దుబాయి పిలగాడు. రాత్రి చిన్నమ్మ ఇంట్లోనే ఉన్నాడట. ముఖం పాలిపోయి ఉంది. బాపును చూడగానే లేచి నిలబడ్డాడు. ఏమైంది కొడుకా అని బాపు అడిగితే సీసా మీది జేబురుమాలు తీసి చూపించాడు.

"పొద్దుగాల నాకు గూడ ఎర్రగనే అయింది మామా. గీ రోగం అంటుకుంటదా?"

బాపు అతని సీసా తీసుకున్నాడు. తన తువ్వాల విప్పి తన సీసా దాని పక్కన పెట్టాడు. రెండింటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి, బొగ్గు పొర చూసే మనిషి చూసినట్టే, చాలా సేపు చూశాడు. ఎరుపే కానీ నెత్తురు ఎరుపు కాదది, కొంచెం గులాబీ వైపుకు పోతున్న ఎరుపు. మా వంటింట్లో అవ్వ చేతులకు, రోలుకు, ఒరుగులు ఎండిన పాత చీరకు నిండా ఉన్న ఎరుపు.

"నిన్న మా ఇంట్ల ఏమేం తిన్నవ్?" అని అడిగాడు బాపు.

పిలగాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గారెలు అన్నాడు, సర్వపిండి అన్నాడు, హల్వా దగ్గరికి వచ్చేసరికి బాపుకు నవ్వు ఆగలేదు. సీసాలు రెండూ నా చేతిలో పెట్టి గోడకు ఆనుకుని నవ్వాడు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను మాత్రం ఆ రెండు సీసాలూ పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక, ఏడ్చాను. తర్వాత డాక్టరు ఇద్దరికీ పరీక్షలు చేయించి చూశాడు, ఏమీ లేదన్నాడు. కొందరి ఒంట్లో ఆ రంగు అరగక అట్లాగే పోతుందని, మీకిద్దరికీ ఆ గుణం ఉన్నట్టుందని, రెండు మూడు రోజులు ఆ గడ్డ ముట్టవద్దని చెప్పాడు. ఎంత తిన్నారని అడిగితే బాపు రెండు చేతులూ ఎడం చేసి గడ్డ సైజు చూపించాడు. డాక్టరు నమ్మలేదు. అబద్ధమనుకుంటే ఇంటికొచ్చి చూడమని బాపు పిలిచాడు కూడా.

తిరిగి వచ్చేటప్పుడు నడిచే వచ్చాము. భయం పోయింది కాబట్టి నాకు కోపం చేయడానికి వీలు దొరికింది. నా చదువు ఆగిపోతుంటే ఒక్కమాట ఎందుకు అనలేదని అడిగాను. బాపు కొంత దూరం నడిచాక చెప్పాడు.

"మొన్న యూనియన్ల అడిగొచ్చిన బిడ్డా. నేను అన్‌ఫిట్ అయితే నౌకరి నా బిడ్డకు రాయుండ్రి అన్న. ఆడపిల్లకు రాదన్నరు, అల్లుడుంటే రాస్తరట. లేని అల్లునికి రాస్తరట గని ఉన్న బిడ్డకు రాయరట."

నేను నడుస్తూ ఆగిపోయాను. ఆయన ఆగలేదు, తువ్వాల భుజాన వేసుకుని పోతూనే ఉన్నాడు.

"నేను పోతె నీకు తిండెట్ల అని ఊకున్న. ఇగ నాకేం గాలే గదా. నీ నౌకరి నువ్వే తెచ్చుకో. పో కరీంనగర్."

చొప్పదండి సంబంధాన్ని ఎవరూ కాదనలేదు, అది తనంతట తానే ఆరిపోయింది. ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా డ్యూటీ చేయగల మామ ఆ తల్లికి అవసరం లేకపోయింది. పిలగాడు మాత్రం బస్సెక్కే ముందు మా ఇంటికి వచ్చి, అవ్వకు దండం పెట్టి, మిగిలిన హల్వా కట్టించుకుపోయాడు (రోగం కాదని తెలిశాక అతనికి దాని మీద ఇష్టం రెట్టింపైంది). సైరన్ చిన్నమ్మ బావి దగ్గర నన్ను చూసి, చిన్నమ్మ అనే పిలువు బిడ్డా అని పాత వరసను తిరిగి ఇచ్చేసింది. బాపు డాక్టరు చెప్పిన రోజులు ఆగి మళ్లీ బీట్‌రూట్ తిన్నాడు. ఈసారి పొద్దున పెరట్లోంచి నవ్వుతూ వచ్చేవాడు. నేను శిక్షణకు వెళ్లే రోజున అవ్వ నా సంచీలో ఒరుగుల మూట పెట్టింది. హాస్టల్లో ఎవరూ తినలేదు, నేను తిన్నాను.

ఆ తర్వాత నర్సునై, కరీంనగర్‌లోనే స్థిరపడి, చాలా వార్డులు తిరిగాను. ఇట్లాంటి ఎరుపు చూసి భయపడి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఏం తిన్నారు అనే అడుగుతాను ముందు. మామూలుగా జవాబు మంచిది కాదు. వాళ్లు ఇడ్లీ అంటారు, అన్నం అంటారు. బీట్‌రూట్ అని ఒక్కరూ అనలేదు. అయినా అడిగిన ప్రతిసారీ వాళ్ల పెదవుల వైపు కాస్త ఆశగా చూస్తాను. తోటి సిస్టర్లు దీన్ని నా పిచ్చి కింద జమకట్టారు.

బాపు రిటైరయ్యాక అవ్వతో పాటు మా ఇంటికే వచ్చాడు. ఒక పొద్దున నన్ను పిలిచి, తలుపు దగ్గర నిలబడి, మళ్లీ ఎర్రగా పోతున్నదన్నాడు. వెళ్లి చూశాను. చూడగానే తెలిసింది. ఇది గులాబీ వైపుకు పోయే ఎరుపు కాదు. అప్పటికే ఆయన బరువు తగ్గుతున్నాడని కూడా నాకు తెలుసు. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది, ఏం తిన్నావు బాపూ అని. ఆయన నా ముఖం చూశాడు. నేను ఏం చూశానో ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది.

"బీట్‌రూట్ తిన్న బిడ్డా" అన్నాడు.

ఇంట్లో బీట్‌రూట్ వండి చాలా నెలలైంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అప్పటికి నేను వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. నా కింద పనిచేసే పిల్లలకు రోగి మాటను నమ్మాలా, కళ్లను నమ్మాలా అని పాఠాలు చెప్పేదాన్ని. ఆ సిస్టర్ గారు ఏం చేసిందో తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గబగబా వంటింట్లోకి పోయి, కూరగాయల బుట్ట నేల మీద బోర్లించి, ఉల్లిగడ్డల మధ్య, ఆలుగడ్డల మధ్య ఒక్కొక్కటే పక్కకు తీస్తూ వెతికింది.